మా ఆయన చల్లకాలు

ఆ ఏడు మా టీము ఎన్ని రకాలుగా ఓడొచ్చో అన్ని రకాలుగానూ ఓడింది. ఆఖరి నిమిషంలో ఓడింది. మొదటి నిమిషంలోనే చేతులెత్తేసి ఓడింది. మా గోలీ విసిరిన బంతి మావాడి వీపుకే తగిలి, తిరిగొచ్చి మా గోల్లోనే దూరి ఓడింది. పై ఊళ్లకు వెళ్లి ఓడి బస్సులో తిరిగొస్తుంటే, సెర్రా నోవా అన్న మా ఊరి బోర్డు కనపడగానే కుర్రాళ్లు కిటికీ తెరలు లాగేసుకునేవాళ్లు, ఎవరైనా చూస్తారని. ఇంకా ఎవరు చూడాలి నాయనా, ఊరంతా అప్పటికే రేడియోలో వినేసింది కదా!

మాది గడ్డి మీద ఆడే ఫుట్‌బాల్ కాదు. హాల్లో, చెక్క నేల మీద, అటు అయిదుగురు ఇటు అయిదుగురు ఆడేది. బ్రెజిల్‌లో ఈ దక్షిణపు కొండల్లో సగం ఏడాది వాన, సగం ఏడాది చలి. శనివారం వస్తే జనానికి హాలు తప్ప మరో దిక్కు లేదు. కోళ్ల ఫ్యాక్టరీ వాళ్లిచ్చే జీతాలతో మొదటి లీగులో పెద్ద నగరాల టీముల పక్కన నిలబడి ఆడుతున్నాం. కింది లీగుకు జారితే ఫ్యాక్టరీ వాళ్లు తప్పుకుంటారు, టీము అక్కడితో సరి. ఈ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు.

నా పేరు ఇర్మా. టీముకు మాలిష్ చేస్తాను. పట్టేసిన పిక్కలు, బెణికిన చీలమండలు, వాచిన మోకాళ్లు, నా చేతుల్లోకి రాని కాలు ఆ టీములో లేదు. కుర్రాళ్లందరికీ పిన్నిని. నా నోరు మంచిది కాదని అంటారు. నిజమే, కాదు. కెప్టెన్ జాండిర్ నా కొడుకు. వాడికీ మినహాయింపు లేదు.

మా ఆయన ఒరెస్తె పాల ట్రక్కు నడుపుతాడు. తెల్లారుజామున కొండమీది పశువుల కొట్టాలన్నీ తిరిగి పాలు పట్టుకొస్తాడు, మధ్యాహ్నానికల్లా స్నానం చేసి టీము ఎరుపు చొక్కా తొడుక్కుంటాడు. ఆ హాలు కట్టేటప్పుడు పునాది తవ్వినవాళ్లలో ఆయనా ఉన్నాడు. జాండిర్ పిల్లల టీములో ఆడినప్పటి నుంచీ వాడు కొట్టిన ప్రతి గోలూ కళ్లారా చూశాడు. ఒకసారి తన సొంత తమ్ముడి పెళ్లి విందు మధ్యలో లేచి మ్యాచ్‌కు వెళ్లిపోయాడు. ఆ తమ్ముడి భార్య నాతో ఇప్పటికీ సరిగా మాట్లాడదు.

ఇదంతా మొదలైంది మా ఆయన పిత్తాశయంలో రాళ్ల వల్ల. నవ్వకండి. ఆయనకు కడుపులో నొప్పి వచ్చి, ఆసుపత్రిలో చేర్చి కోత కోశారు. ఆ శనివారం హాలుకు రాలేకపోయాడు. అదే శనివారం మా టీము, అప్పటిదాకా ఒక్కటంటే ఒక్కటి గెలవని మా టీము, లీగులో పైనున్న జట్టును చిత్తుగా ఓడించింది. ఊరు ఊరంతా వీధుల్లో పడింది. నేను ఆసుపత్రికి పరిగెత్తి చెబితే ఈయన కుట్లు పట్టుకుని మరీ నవ్వాడు.

తరవాతి వారం కడుపుకు కట్టుతోనే వచ్చి కూర్చున్నాడు. ఏడు గోల్స్ తిన్నాం.

అప్పుడెవరూ ఏమీ అనలేదు. ఆ పైన మరో శనివారం కొండ దారిలో ట్రక్కు టైరు పంక్చరైంది. ఈయన లేటుగా వచ్చాడు. వచ్చేసరికి మేం రెండు గోల్స్ ముందున్నాం. చేతులకు గ్రీజుతో తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టాడో లేదో, అవతలివాళ్లు ఒకటి కొట్టారు. కూర్చునేలోగా రెండోది. ఆ మ్యాచ్ కూడా పోయింది. ఇంటికెళ్లేటప్పుడు మెట్ల మీద మంగలి నేరి అన్నాడు, మెల్లగానే అన్నాడు కానీ నా చెవిన పడనే పడింది.

"చల్లకాలు ఎవరిదో ఇవాళ తెలిసిపోయింది."

చల్లకాలంటే మా వైపు పెద్ద మాట. ఎవడు అడుగుపెడితే అక్కడ పని చెడుతుందో వాడిది చల్లకాలు. ఒకసారి ఆ పేరు పడితే పెళ్లికి పిలవరు, పందెం కాసేటప్పుడు పక్కన నిలబడనివ్వరు, కొత్త ట్రాక్టరు కొన్నవాడు ఎదురొస్తే మొహం తిప్పుకుపోతాడు. దొంగ అనిపించుకున్నా కొన్నాళ్లకు మర్చిపోతారేమో కానీ ఇది మర్చిపోరు.

నేను వెనక్కి తిరిగి, "నేరీ, నీ కత్తెర కంటే నీ నాలుక మొద్దుబారిపోయిందిరా, సానబెట్టించుకో" అన్నాను. జనం నవ్వారు. కానీ నవ్వినవాళ్లెవరూ మా ఆయన వైపు చూడలేదు.

ఆ వారమే ఆదివారం పొద్దున ఈయన మగాళ్లు చెక్క బంతులు దొర్లించి ఆడుకునే షెడ్డుకు వెళ్లాడు. ఉప్పు మర్చిపోయానని దారిలో కొట్టుకు పోతూ తొంగి చూశాను. మగాళ్లంతా బల్లల మీద గుండ్రంగా కూర్చుని షిమరావ్, అదే మా చేదు ఆకు టీ, తాగుతున్నారు. ఒకే సొరబుర్ర, ఒకే ఇనప గొట్టం, వేడినీళ్లు పోసి పక్కవాడికి అందించడం. అందరూ అదే గొట్టంతో తాగుతారు, అందులో ఎంగిలీ లేదు, ఎక్కువ తక్కువలూ లేవు. బుర్ర ఈయన ఎడమ పక్కవాడి దాకా వచ్చింది. ఈయన చెయ్యి చాపాడు. ఆ మనిషి మాట్లాడుతూనే, ఏదో యథాలాపంగా అన్నట్టు, ఈయన ముందునుంచి చెయ్యి పోనిచ్చి కుడి పక్కవాడికి ఇచ్చాడు. ఈయన చాపిన చేత్తోనే మోకాలు రాసుకున్నాడు, దురద పెట్టినట్టు.

నాకు ఒళ్లు మండిపోయింది. లోపలికి వెళ్లి ఆ బుర్ర తీసి నేరి నెత్తిన బోర్లించాలనిపించింది. వెళ్లలేదు. వెళితే ఈయన పరువు ఇంకాస్త పోతుంది. ఉప్పు కొనుక్కుని ఇంటికొచ్చి, ఆ కోపమంతా పొయ్యి మీది మొక్కజొన్న పోలెంటా మీద చూపించాను. గరిటె విరిగింది.

ఇలాంటి పరిస్థితిలో ఆఖరి మ్యాచ్ వచ్చింది. మా హాల్లోనే, పెద్రా ఫుండా టీముతో. గెలిస్తే మొదటి లీగులో ఉంటాం. ఓడినా, సమానమైనా కిందికే.

మ్యాచ్‌కు ముందు ఆదివారం భోజనాల వేళ క్లబ్బు ప్రెసిడెంటు దొర్వాల్ గారు వచ్చారు. చేతిలో ద్రాక్షపళ్ల కేకు. ఎప్పుడూ మా గడప తొక్కని మనిషి కేకు పట్టుకొచ్చాడంటేనే నాకు అర్థమైపోయింది.

"ఏమ్మా ఇర్మా, కోడి కూర వాసన వీధి చివరికొస్తోంది!"

"వాసనే కదా, పీల్చుకోండి. అది ఊరికే వస్తుంది."

ఆయన నవ్వి కూర్చున్నాడు. వాన గురించి మాట్లాడాడు, పాల ధర గురించి మాట్లాడాడు, మా ఆయన కుట్లు మానాయా అని అడిగాడు. చివరికి కేకు డబ్బా మీద దారం విప్పుతూ మొదలుపెట్టాడు. "ఒరెస్తె, నువ్వు పాతకాపువి. ఈ క్లబ్బు అంటే నీకు ప్రాణం. అలాంటివన్నీ నేను నమ్మను, నీకు తెలుసు. కానీ కుర్రాళ్లు... కుర్రాళ్ల మనసులో ఒకటి పడిపోయింది."

"ఏం పడింది?" అన్నాను నేను.

"అబ్బే, ఏదో..."

"చెప్పండి. నోరారా చెప్పండి. మా ఆయన చల్లకాలని మా ఇంట్లో, మా బల్ల దగ్గర కూర్చుని, మా కోడిని తింటూ చెప్పండి!"

"ఇర్మా, నేనింకా తినలేదు."

"తినరు కూడా!" ఆయన ముందున్న పళ్లెం లాగేశాను. "గోలీకి మోచేతులు లాగుతున్నా ఆడిస్తారు. కోచ్ ఎనియో పాపం రోజుకో పథకం మారుస్తాడు. ఉన్న ఒక్క మంచి ఆటగాణ్ణీ సీజన్ మధ్యలో పక్కవాళ్లకు వదిలేసుకున్నారు. అవేవీ కాదు, పాలు మోసుకునే మా ఆయన కాళ్లే దొరికాయా మీకు?"

దొర్వాల్ గారు లేచాడు. పాపం, మొహం ఎర్రబడిపోయింది. "నేను అడగడానికి వచ్చాను, అంతే. ఈ ఒక్క మ్యాచ్‌కూ ఇంటి దగ్గరుంటే బాగుంటుందని" అంటూనే గుమ్మం దాటాడు. కేకు బల్ల మీదే ఉండిపోయింది.

తలుపు వేసి వచ్చి నేనింకా తిడుతూనే ఉన్నాను. "చూశావట్రా జాండిర్, ఎంత ధైర్యమో..." అన్నాను. వాడు తలెత్తలేదు. కోడి ఎముకను పళ్లెంలో అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"నాన్నా" అన్నాడు వాడు. "ఈ ఒక్కసారికే."

ఈయన చేతిలోని ముక్క పళ్లెంలో పెట్టి వాడి వైపు తిరిగాడు.

"నేను నమ్ముతున్నానని కాదు నాన్నా. కానీ నువ్వక్కడ కూర్చుంటే నాకు తెలుస్తూ ఉంటుంది. బంతి నా కాలి దగ్గరికి రాగానే అదే గుర్తొస్తోంది. పోయిన వారం గోల్ ముందు ఖాళీగా ఉండి కూడా బయటికి కొట్టాను, చూశావుగా?"

కన్నకొడుకు. వాడి నోటివెంట ఆ మాట వింటానని కలలో కూడా అనుకోలేదు. నేను గరిటె ఎత్తాను, వాణ్ణి కొట్టేదాన్నేమో కూడా, ఈయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"నేనూ అదే అనుకుంటున్నారా" అన్నాడు. "నువ్వు అడగలేక ఇబ్బంది పడతావని చూస్తున్నా. తిను, చల్లారిపోతోంది."

శనివారం మధ్యాహ్నం మమ్మల్నిద్దర్నీ హాలు దగ్గర దింపి, ట్రక్కును వెనకవైపు చెట్ల కింద పెట్టుకున్నాడు. ఇంటికెళ్లమంటే వెళ్లలేదు. జనం అప్పటికే లోపల ఇసుకేస్తే రాలనట్టున్నారు. పెద్రా ఫుండా అభిమానులు ఒక మూల చేరి, మా టీము రంగులేసిన అట్ట శవపేటికను తల మీదికెత్తి ఊపుతున్నారు. ఇక్కడ ఎవరు కిందికి జారబోతున్నా ఎదుటివాళ్లు చేసే మర్యాద అది. మేమూ చేశాం, ఏం తక్కువ తినలేదు.

మొదటి సగంలో వాళ్లు ఒకటి, మేం ఒకటి. మా గోలీని తాటూ అంటారు, అలుగులాగా గుండ్రంగా ముడుచుకుని బంతి మీద పడతాడని. ఆ రోజు వాడు ప్రాణం పెట్టి ఆడాడు. విరామం రాగానే కుర్రాళ్ల కాళ్లు నాలుగు పిసికి, నీళ్ల సీసాలు అందించి, నేను వెనక తలుపు నుంచి బయటికి పరిగెత్తాను.

ఈయన ట్రక్కులో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎర్ర చొక్కా తొడుక్కునే ఉన్నాడు, పైన కోటు గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు.

"రేడియో ఏమైంది? పాడైందా?"

"లేదు."

"మరి పెట్టలేదేం?"

ఆయన స్టీరింగు మీద దుమ్ము తుడిచాడు. "రేడియోలో విన్నా తగులుతుందేమో అని."

ఏడుపొచ్చింది నాకు. ఏడుపొస్తే నాకు కోపంగానే బయటికొస్తుంది. "నీకు మతి పోయిందా ముసలోడా? లే! నాతో లోపలికి రా. నేను బెంచీ మీద నా పక్కన కూర్చోబెట్టుకుంటా. ఎవడు లేపుతాడో చూస్తా!"

"ఎంతుంది?"

"ఒకటి, ఒకటి."

"పర్లేదు" అన్నాడు, మొహం విప్పారింది. "పర్లేదు ఇర్మా. నేను రాను."

"ఒరెస్తె, ఒక్కటి ఆలోచించు. నువ్వు బయట ఉండగా మనవాళ్లు గెలిచారనుకో, ఇక అయిపోయినట్టే. రుజువైందంటారు. వచ్చే ఏడూ రానివ్వరు, ఆ పై ఏడూ రానివ్వరు. ఆ హాల్లో నీకింక చోటుండదు. అది నీకు అర్థమవుతోందా?"

"అవుతోంది."

"అయితే?"

"ఒకవేళ వాళ్లు చెప్పేది నిజమేనేమో" అన్నాడు చాలా మెల్లగా. "నా వల్లే వాడు ఏడాదంతా ఓడాడేమో. నువ్వు వెళ్లు. విరామం అయిపోతుంది."

రెండో సగం మొదలైంది. నేను బెంచీ మీద కూర్చున్నాను కానీ ఎవరి వైపు కూర్చున్నానో నాకే తెలియడం లేదు. మావాళ్లు ముందుకు దూకితే కొట్టాలనీ అనిపించేది, కొట్టకూడదనీ అనిపించేది. ఓడాలని కోరుకున్నాను. అవును, కోరుకున్నాను, దాచను. మావాళ్లు ఓడితే ఊరి నోరు మూతపడుతుంది. చల్లకాలు బయట ఉన్నా ఓడారుగా అనొచ్చు. మరు నిమిషం జాండిర్ బంతి పట్టుకుని పరిగెడితే లేచి నిలబడి అరిచేదాన్ని. మేరీ మాతకు ఏం మొక్కాలో తెలియక, నువ్వే చూసుకో తల్లీ అని వదిలేశాను.

వాళ్లు రెండోది కొట్టారు. హాలు చచ్చిపోయినట్టైంది. శవపేటిక మళ్లీ పైకి లేచింది. తరవాత తాటూ విసిరిన బంతిని మా కుర్రాడొకడు తలతో పొడిచి లెక్క సరిచేశాడు. రెండు, రెండు. గడియారంలో ఇంక పెద్దగా మిగల్లేదు. సమానమైతే చాలదు మాకు.

సరిగ్గా అప్పుడే జాండిర్ పిక్క పట్టేసింది. కుంటుకుంటూ వచ్చి బెంచీ ముందు కూలబడ్డాడు. కోచ్ ఎనియో ఆఖరి విరామం అడిగాడు. ఒక్క నిమిషం.

"తాటూ, నువ్వు బయటికి. గోలీ చొక్కా జాండిర్ వేసుకుని ముందుకు ఆడతాడు. అయిదుగురం ముందే ఉంటాం, వెనక గోల్ ఖాళీ. పిన్నీ, వీడి కాలు అవుతుందా అవదా? చెప్పు!" అన్నాడు ఎనియో.

"చూడనీ" అన్నాను.

మోకాళ్ల మీద కూర్చుని కాలు ఒళ్లోకి తీసుకున్నాను. పిక్క రాయిలా బిగుసుకుంది. జాండిర్ పళ్లు కొరుకుతూ అప్పటికే గోలీ పచ్చ చొక్కాలోకి తల దూరుస్తున్నాడు.

"అమ్మా, తొందరగా."

"మీ నాన్న రేడియో కూడా పెట్టుకోకుండా కూర్చున్నాడురా బయట."

"ఇప్పుడా అమ్మా!"

"ఇప్పుడే. ఇది గెలిస్తే ఆయన్నింక ఈ గడప తొక్కనివ్వరు. నీకు తెలుసా, తెలీదా?"

వాడు చొక్కాలోంచి తల బయటపెట్టాడు. జుట్టంతా చెమట. నా కళ్లలోకి చూడలేదు, గడియారం వైపు చూశాడు.

"తెలుసు. కాలు చూడమ్మా."

నా చేతులు ఆగిపోయాయి. అవదు, ఇంకొకణ్ణి దింపు అంటే చాలు. ఎనియో నా మాట కాదనడు, కాళ్ల విషయంలో ఆ హాల్లో ఆఖరి మాట నాది. వీడు లేకపోతే గోల్ కొట్టే మొనగాడు ఇంకెవడూ లేడు. సమానంగా ముగుస్తుంది, కిందికి జారతాం. మా ఆయన పేరు మీద మచ్చ పోతుంది. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

కానీ ట్రక్కులో ఒకటి ఒకటి అని చెప్పగానే విప్పారిన మొహం కళ్లముందు మెదిలింది. ఈ కాలు నీ చేతుల్లో ఉంటే ఏం చేస్తావని ఆయన్నడిగితే ఏమంటాడో నాకు తెలుసు. తెలియకపోయినా బాగుండేది. కోపం పట్టలేక ఆ పిక్కను రెండు చేతులా పట్టుకుని పిసికిన పిసుకుడికి జాండిర్ కెవ్వుమన్నాడు. మడమ పట్టి పాదాన్ని పైకి వంచాను, మళ్లీ పిసికాను, బొటనవేలితో లోపలిదాకా నొక్కాను. కండ ఒక్కసారి వణికి వదిలేసింది.

"అవుతుంది" అన్నాను ఎనియోతో. "పో" అన్నాను వాడితో.

ఆ తరవాత జరిగింది నేను నిలబడే చూశాను. అయిదుగురూ ముందుకు వెళ్లిపోయారు. మా గోల్ బోసిగా, కాపలా లేని ఇల్లులా ఉంది. బంతి అటూ ఇటూ కాలి మీంచి కాలికి మారుతోంది, ఎవరూ కొట్టడం లేదు, జనం "కొట్టరా! కొట్టరా!" అని గొంతులు చించుకుంటున్నారు. ఎవడో తడబడ్డాడు. పెద్రా ఫుండా వాడు బంతి లాక్కుని, ఉన్నచోటి నుంచే మా ఖాళీ గోల్ మీదికి లేపి కొట్టాడు. బంతి హాలంతా దాటుకుని పోతోంది. స్తంభానికి తగిలి ఠంగున వెనక్కొచ్చింది.

తాటూ నా భుజం పట్టుకుని వేలాడుతున్నాడు. నేనింక వాణ్ణెక్కడ మొయ్యను!

మావాళ్లు బంతి అందుకున్నారు. మళ్లీ అటూ ఇటూ. ఎడమ అంచున జాండిర్ దగ్గరికొచ్చింది. వాడికి ఎదురుగా ఇద్దరున్నారు. వాళ్లిద్దరి కాళ్ల మధ్య సందులోంచి, బాగుచేసిన ఆ కాలితోనే కొట్టాడు. వల కదలడం ముందు చూశాను, అరుపు తరవాత విన్నాను. మిగిలిన కాసేపూ ఎలా గడిచిందో నాకు తెలియదు. గంట మోగింది. మూడు, రెండు.

హాలు కప్పు ఎగిరిపోతుందేమో అన్నట్టు అరిచారు. జనం కంచె దూకి వచ్చి జాండిర్‌ను ఎత్తుకున్నారు. ఎనియో నేల మీద బోర్లా పడి ఏడుస్తున్నాడు. దొర్వాల్ గారు ఎవరు దొరికితే వాళ్లను ముద్దు పెట్టుకుంటున్నాడు. ఆ గోలలోనే నేరి గొంతు నా చెవిన పడింది. "చెప్పానా? నేను చెప్పానా లేదా? మనిషి బయట ఉన్నాడు, పని జరిగింది!" చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపుతున్నారు. నేను జనాన్ని తోసుకుంటూ వెనక తలుపు వైపు నడిచాను. ఆ రోజు నేరిదే గెలుపు.

బయటికి వెళ్లేసరికి ఈయన ట్రక్కు దిగి నిలబడి ఉన్నాడు. అరుపులు విన్నాడు కానీ ఎవరి అరుపులో నిర్ధారించుకోలేక తలుపు వైపే చూస్తున్నాడు.

"మూడు, రెండు. మనమే" అన్నాను.

"ఎవరు?"

"నీ కొడుకే."

"ఏ కాలితో?"

"కుడి కాలితో. ఇద్దరి మధ్య నుంచి."

"కింద నుంచా, పైనుంచా?"

"కింద నుంచి. నేలకు ఆనుకుని."

ఆయన కళ్లు మూసుకున్నాడు. చూసుకుంటున్నాడు, ఆ గోల్‌ను తన లోపల చూసుకుంటున్నాడు. నేల ఎటు, వాడు ఎటు, బంతి ఎటు అని వేలితో గాల్లో గీశాడు. చెంపల మీంచి నీళ్లు కారిపోతున్నాయి. అంత సంతోషంగా ఆయన్ను మా పెళ్లినాడు కూడా చూడలేదు నేను.

దొర్వాల్ గారు వెతుక్కుంటూ వచ్చి ఆయన్ను కావలించుకున్నాడు. "ఒరెస్తె! నువ్వు చేసిన మేలు ఈ క్లబ్బు మర్చిపోదయ్యా. నీలాంటి మనిషి కోటికొక్కడు." వీపు తట్టి, నా మొహం చూసి, గబగబా జనంలోకి వెళ్లిపోయాడు.

అప్పుడొచ్చాడు జాండిర్. పచ్చ చొక్కా చిరిగిపోయింది, ఒక కాలికి బూటు లేదు. వచ్చి వాళ్ల నాన్న మెడ చుట్టూ చేతులు వేసి భుజంలో మొహం దాచుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. ఎంతైనా నా బిడ్డ, వాడికీ మనసుంది, ఇప్పుడు వాడే ఏదో ఒకటి చేస్తాడు అనుకున్నాను.

"నాన్నా, వచ్చే ఏడు మొదటి మ్యాచ్‌కు నువ్వు రావాలి" అన్నాడు. "ముందు వరసలో కూర్చోవాలి. ఎవరేమన్నా సరే, నేను దొర్వాల్ గారితో మాట్లాడతా."

నోరు తెరిచి, నిన్ను కన్నందుకు ఇవాళ్టికి ఫలితం దక్కిందిరా అనబోయాను.

"నిజంగానా?" అన్నాడు ఒరెస్తె.

"నిజంగానే నాన్నా. ఫిబ్రవరిలో, మన క్లబ్బు పిల్లల టీముతోనే. ఫ్రెండ్లీ. పాయింట్లు ఉండవు, ఏమైనా ఫర్వాలేదు."

వాడి మొహంలోకి పరీక్షగా చూశాను, వెటకారమేమైనా ఉందేమోనని. లేదు. కళ్లనిండా ప్రేమతో చెబుతున్నాడు, తండ్రికి ఎంతో ఇస్తున్నాననుకుంటున్నాడు. ఏదో అందామనుకున్నాను. ఈయన వాడి తల రెండు చేతుల్లోకి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంటున్నాడు.

వాణ్ణి కుర్రాళ్లు కేకలేసి లాక్కుపోయారు. మేం ట్రక్కెక్కాం. ఊరంతా హారన్లు, జెండాలు, తడి రోడ్ల మీద బాణసంచా. ఈయన మెల్లగా నడుపుతున్నాడు, ఎదురొచ్చిన ప్రతి బండికీ దారిస్తూ. కొండ మలుపు దగ్గర నా వైపు తిరిగాడు.

"విన్నావా ఇర్మా? ముందు వరసలో అన్నాడు."

"విన్నాను" అన్నాను.

"వాడే పిలిచాడు, నేను అడగలేదు."

"అవును. నువ్వు అడగలేదు."

కొంచెం దూరం పోయాక ఫిబ్రవరికి ఇంకెన్ని నెలలున్నాయని అడిగాడు. వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను.